మార్కుల సర్దుబాటు - 4వ పాఠం: కాలేజీ పాత రికార్డు, ఈ ఏటి పిల్లలు

కిందటి లెక్కలో చాలామంది ఒకేచోట పొరపడ్డారు. అందుకే పర్సెంటైల్ పాఠం వాయిదా వేసి, ముందు దాని సంగతి చూద్దాం.

పాతబస్తీలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీ అనుకున్నాం. మ్యాథ్స్‌లో 20 మంది. సగటున ఏటా ఇద్దరికి ఎ గ్రేడు. ఈసారి పరీక్ష రద్దయింది. లెక్చరర్ తన అంచనాతో ఐదుగురికి ఎ ఇస్తే, మార్కులు సర్దే ఫార్ములా కాలేజీ పాత రికార్డు చూసి మొదటి ఇద్దరికే ఉంచి ముగ్గురిని బికి దించింది. ఇందులో అన్యాయం ఉందా అని అడిగితే, ‘సగటు సరిపోయింది, ర్యాంకులు తారుమారు కాలేదు, అన్యాయం లేదు’ అని ఎక్కువమంది రాశారు.

ఈ జవాబు నన్ను బాధపెడుతుంది. సగటు ఇద్దరంటే ఏటా ఇద్దరే అని కాదు. ఒక్కొక్కరికీ ఎ వచ్చే అవకాశం పదిలో ఒకటి అనుకోండి. పిల్లల స్థాయి, బోధన ఏమీ మారకపోయినా, దాదాపు మూడేళ్లకోసారి ఇద్దరికంటే ఎక్కువమందికి వస్తుంది. ఎనిమిదేళ్లకోసారి ఒక్కరికీ రాదు. మూడో ర్యాంకు అమ్మాయి ఏం రాయగలదో ఫార్ములా చూడలేదు. ఆమెకు ముందు ఆ బెంచీల్లో కూర్చున్నవాళ్లు ఏం రాశారో చూసింది. కాలేజీ మొత్తానికి అంచనా సరిగ్గా ఉండొచ్చు, ఆమె గ్రేడు తప్పు కావచ్చు. రెండూ ఒకేసారి నిజం. ఈ పేరా ఇంకోసారి చదవండి.

2020లో ఇంగ్లండ్‌లో ఏ-లెవెల్ (మన ఇంటర్ లాంటి పరీక్ష) పిల్లలకు జరిగింది ఇదే. టీచర్లు ఇచ్చిన గ్రేడ్లలో దాదాపు 39 శాతం తగ్గాయి. ఐదుగురు, అంతకంటే తక్కువ మంది ఉన్న క్లాసులకు మాత్రం టీచర్ గ్రేడే ఖాయం చేశారు. అంత చిన్న క్లాసులు ప్రైవేటు బడుల్లో ఎక్కువ. అక్కడ ఎ, ఆపై గ్రేడ్ల వాటా 4.7 శాతం పాయింట్లు పెరిగితే, అందరినీ చేర్చుకునే ప్రభుత్వ (కాంప్రహెన్సివ్) బడుల్లో సుమారు 2 పెరిగింది. నిబంధనలో ప్రైవేటు అన్న మాటే లేదు, లాభం మాత్రం అటే పోయింది. ఆగస్టు 13న ఫలితాలిచ్చి, 17న వెనక్కి తీసుకున్నారు.

2021లో మన సీబీఎస్ఈ పన్నెండో తరగతికి బడి గత మూడేళ్లలో మెరుగైన ఏడాదిని కొలమానంగా పెట్టింది. సగటు కంటే అది నయమే. కానీ బడి గతమే పిల్లలకు హద్దు కావడం మారలేదు.

ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) సెషన్ల నార్మలైజేషన్‌ను దీంతో కలపకండి. అక్కడ సరిచేసేది పేపర్ల మధ్య తేడాని. ఎవరు ఏ కాలేజీ అన్నది లెక్కలోకి రాదు.

అభ్యాసం: పది చీటీలు, ఒకదానిపై ‘ఎ’. తీసి, రాసుకుని, మళ్లీ కలపండి. ఇలా 20 సార్లు తీస్తే ఒక ఏడాది. 50 ఏళ్లు చేయండి. ఎక్సెల్ వద్దు, చేత్తోనే తీయండి, ఒడిదుడుకు అప్పుడే ఒంటపడుతుంది. తర్వాత ఐదుగురి క్లాసుకూ చేయండి. ఇద్దరిని మించిన ఏళ్లెన్నో, ఒక్కరికీ రాని ఏళ్లెన్నో విడివిడిగా రాసి పంపండి. సగటు ఒక్కటే పంపితే దిద్దను.