నిందితుడు తన సొంత దేశానికి చేరి, ఆ దేశం అప్పగించనంటే

హైదరాబాద్‌లో నేరం చేసి జర్మనీ వెళ్లిపోయినవాణ్ని పంపమని అడిగితే, అక్కడివాళ్లు మొట్టమొదట చూసేది అతని పౌరసత్వం. మీరూ అక్కడే మొదలుపెట్టండి. మనవాడే కదా అనుకోవద్దు. తనంతట తాను వేరే దేశ పౌరసత్వం తీసుకుంటే 1955 పౌరసత్వ చట్టం ప్రకారం భారత పౌరసత్వం పోతుంది, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే) కార్డున్నా సరే. పౌరసత్వం వచ్చిన తేదీ కూడా సంపాదించండి. ఫ్రాన్స్ నేరం జరిగిన నాటి పౌరసత్వాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. తర్వాత పౌరుడైనవాడికి ఆ రక్షణ ఉండదు.

తర్వాత ఆ దేశ రాజ్యాంగం, మనతో ఉన్న అప్పగింత ఒప్పందం చదవండి. తమ పౌరుణ్ని అప్పగించడానికి జర్మనీకి రాజ్యాంగంలోని 16వ అధికరణం, రష్యాకు 61, యూఏఈకి 38 అడ్డు. జర్మనీ మినహాయింపు ఐరోపా సమాఖ్య దేశాలకు, అంతర్జాతీయ న్యాయస్థానాలకు మాత్రమే. అమెరికాతో 1997లో మనం చేసుకున్న ఒప్పందమైతే పౌరుడన్న కారణంతో నిరాకరించకూడదంటుంది. ఈ తేడాకు మూలం కోర్టుల అధికారంలో ఉంది. జర్మనీ, ఫ్రాన్స్ లాంటి చోట్ల తమ పౌరుడు ఎక్కడ నేరం చేసినా తామే విచారించగలరు. బ్రిటిష్ సంప్రదాయంలో నేరం జరిగిన గడ్డ మీదే విచారణ, కాబట్టి అప్పగించకపోతే నేరస్థుడు తప్పించుకున్నట్టే. పరాయి భాషలో, పరాయి చట్టం కింద తమ మనిషికి న్యాయం దక్కదేమోనన్న అపనమ్మకమూ దీనికి తోడు.

కాబట్టి 'అప్పగించం' అన్న జవాబుతో ఫైలు మూసేయకండి. యూఏఈతో 1999 నాటి ఒప్పందం పౌరుణ్ని ఇవ్వని దేశం కేసును తన అధికారుల ముందు పెట్టాలంటుంది. నిరాకరణను రాతపూర్వకంగా తెప్పించి, అక్కడే విచారించమని విదేశాంగ శాఖ ద్వారా అడిగించండి.

చాలా కేసులు చచ్చిపోయేది ఇక్కడే, కాగితాలు కదలక. దర్యాప్తు అధికారి మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసిన అఫిడవిట్, ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, వారంటు, ఫొటో, వేలిముద్రలు, వర్తించే సెక్షన్ల పూర్తి పాఠం కావాలి. అన్నింటికీ ఆ దేశ భాషలో ధ్రువీకరించిన అనువాదం ఉండాలి. పోలీసులు రాసుకున్న సంతకం లేని వాంగ్మూలం బలహీనం. ముఖ్య సాక్షుల చేత మేజిస్ట్రేటు ముందే చెప్పించండి. ఆ దేశంలో కేసుకు కాలపరిమితి ఎప్పుడు ముగుస్తుందో కూడా ముందే కనుక్కోండి.

శిక్ష ఖరారయ్యాక ఇంకో దారుంది. ఇటలీలో 2013లో జరిగిన అత్యాచారం కేసులో ఫుట్‌బాల్ ఆటగాడు రాబిన్యోకు 9 ఏళ్ల శిక్ష పడింది. పుట్టుకతో పౌరుడని బ్రెజిల్ అప్పగించలేదు. ఇటలీ పట్టు వదలక శిక్షనైనా అక్కడే అమలు చేయమంది, 2024లో అతను బ్రెజిల్ జైలుకు వెళ్లాడు. ఏ దేశంతోనైనా ఇలా అడిగే ముందు ఒప్పందంలో ఆ వీలుందో లేదో చూసుకోవాలి.

ఇదే లెక్క మనకూ వర్తిస్తుంది. దుబాయ్‌లో నేరం చేసి కరీంనగర్ చేరిన భారత పౌరుణ్ని మనం అప్పగించం, ఇక్కడే విచారించాలి. దానికి కొత్త నేర విచారణ ప్రక్రియ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 208వ సెక్షన్ కింద కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. అనుమతి రాలేదని దర్యాప్తు మొదలుపెట్టని స్టేషన్లకు ఒక మాట చెప్పాలి: ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే 2011లో సుప్రీంకోర్టు, పాత చట్టంలోని ఇదే నిబంధన మీద, అనుమతి కోర్టు విచారణకే గానీ పోలీసు దర్యాప్తుకు అక్కర్లేదని తేల్చింది.