ఏళ్ల తరబడి వేధించే కడుపు బాధకు కారణం తెలుసుకోవడం ఎలా?

కడుపు ఉబ్బరం, పుల్లటి త్రేన్పులు, అన్నం తిన్న వెంటనే మరుగుదొడ్డికి పరుగెత్తాల్సి రావడం, లేదా మూడు నాలుగు రోజులైనా విరేచనం కాకపోవడం వంటి బాధలతో ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నవారు మన మధ్య ఎందరో ఉన్నారు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రతో కొన్నాళ్లు, బంధువులు చెప్పిన కషాయంతో కొన్నాళ్లు గడిపి, ఒక డాక్టరు దగ్గర తగ్గలేదని మరో డాక్టరు దగ్గరికి వెళ్తూ, చివరికి సంచినిండా రిపోర్టులు ఉన్నా జబ్బు పేరు మాత్రం తెలియని స్థితికి చేరుకుంటారు. జీర్ణకోశ వ్యాధుల్లో చాలావాటిని గుర్తించడానికి స్కానింగు కన్నా ముందు రోగి చెప్పే వివరాలే డాక్టరుకు దారి చూపుతాయి. కాబట్టి ఆ వివరాలను సిద్ధం చేసుకోవడమే రోగి చేయగలిగిన పనుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనదని నా నమ్మకం.

1. ఆలస్యం చేయకూడని లక్షణాలు ఉన్నాయేమో ముందు చూసుకోండి

మలంలో రక్తం పడటం, మలం తారులా నల్లగా రావడం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, మింగేటప్పుడు ముద్ద అడ్డుపడటం, ఆగని వాంతులు, కామెర్లు, విడవని జ్వరం, రక్తహీనత, విరేచనాల కోసం అర్ధరాత్రి నిద్ర లేవాల్సి రావడం వంటివి ఉంటే వారాల తరబడి ఆగకుండా వెంటనే డాక్టరును కలవాలి. 45, 50 ఏళ్లు దాటాక మలవిసర్జన అలవాటు కొత్తగా మారినా, తల్లిదండ్రులకో తోబుట్టువులకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా అంతే. ఐరన్ మాత్రలు వేసుకునేవారికి మలం నల్లగా రావడం సహజమే కానీ, ఆ మాత్రలు వాడుతున్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. రక్తం పడితే మొలలేనని ఇంట్లోనే తేల్చేసుకోవడం చాలా ప్రమాదకరమైన అలవాటు.

మరో హెచ్చరిక కూడా అవసరం. ఛాతీ మధ్యలో బరువుగా ఉండటం, నొప్పి దవడకో చేతికో పాకడం, చెమటలు పట్టడం, ఆయాసం వంటివి కనిపిస్తే గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగి పడుకోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఆసుపత్రికి చేరి ఈసీజీ తీయించుకోవాలి. షుగరు ఉన్నవారిలో గుండెపోటు కేవలం కడుపులో మంటలాగో వికారంలాగో కూడా కనిపించవచ్చు.

2. రెండు వారాల పాటు రోజూ రాసుకోండి

అత్యవసర లక్షణాలేవీ లేకపోతే, డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక చిన్న నోటుపుస్తకంలో రోజూ కొన్ని విషయాలు రాయండి. ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, నొప్పి ఎక్కడ వచ్చింది, ఎంతసేపు ఉంది, విరేచనం అయ్యాక తగ్గిందా పెరిగిందా, రాత్రి నిద్ర ఎలా పట్టింది అన్నవి చాలు. కూర అని రాసి వదిలేస్తే దానివల్ల ప్రయోజనం ఉండదు. ఉల్లి, వెల్లుల్లి ఎంత పడ్డాయి, పప్పు ఏది, గోంగూర పచ్చడి కలుపుకున్నారా, సాయంత్రం బండి మీద మిర్చి బజ్జీలు తిన్నారా అన్నంత వివరంగా ఉండాలి. ఆడవారు నెలసరి తేదీలను కూడా రాసుకోవాలి, ఎందుకంటే కొందరిలో ఆ రోజుల్లో పేగుల బాధ స్పష్టంగా పెరుగుతుంది.

మలం గురించి మాట్లాడటానికి చాలామంది సిగ్గుపడతారు. డాక్టర్లు మలం తీరును గట్టి ఉండల నుంచి నీళ్ల వరకు ఏడు రకాలుగా విభజించిన బ్రిస్టల్ పట్టికను వాడతారు. మీరు రోజుకో అంకె రాసుకుంటే సరిపోతుంది, నోరు విప్పి వర్ణించే ఇబ్బంది కూడా తప్పుతుంది.

3. వాడే మందులన్నీ ఒక చోట చేర్చండి

మోకాళ్ల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కడుపులో పుండ్లు కలిగించగలవు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కొందరికి విరేచనాలు తెస్తుంది. యాంటీబయాటిక్ కోర్సు తర్వాత కూడా పేగులు చాలాకాలం సర్దుకోకపోవచ్చు. అందువల్ల అల్లోపతి, ఆయుర్వేదం, హోమియో అన్న తేడా లేకుండా, ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లాలతో సహా అన్నిటినీ డాక్టరుకు చూపాలి. పాత రిపోర్టులను తేదీల వరుసలో ఒకే ఫైలులో పెడితే చేసిన పరీక్షనే మళ్లీ చేయించే ఖర్చు తగ్గుతుంది.

4. ఎక్కడికి వెళ్లాలి?

మొదట ఒక జనరల్ ఫిజీషియన్‌ను కలవడం మేలు. థైరాయిడ్ తక్కువైతే మలబద్ధకం, ఎక్కువైతే విరేచనాలు వస్తాయి, దీర్ఘకాలపు షుగరు జీర్ణాశయం కదలికను మందగింపజేస్తుంది. ఇలాంటివన్నీ ఆయన దగ్గరే తేలిపోవచ్చు. అక్కడ తేలకపోతే జీర్ణకోశ వ్యాధుల నిపుణుడి దగ్గరికి వెళ్లాలి. విజయవాడ, గుంటూరు వైపు ఉన్నవారికైతే, విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట ప్రాంతాల్లో ప్రైవేటు ఆసుపత్రులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఖర్చు భరించలేనివారు రెండు నగరాల్లోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో జనరల్ మెడిసిన్ ఓపీతో మొదలుపెట్టవచ్చు. 2019లో ఓపీ సేవలు మొదలైన మంగళగిరి ఎయిమ్స్ రెండు నగరాలకూ మధ్యలో ఉంది. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉన్నవారు, తమకు చెప్పిన పరీక్ష గానీ చికిత్స గానీ ఆ పథకంలోకి వస్తుందో లేదో ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఎవరి దగ్గరికి వెళ్లినా, కనీసం కొన్ని నెలలు ఒకే డాక్టరు దగ్గర ఉండండి. మొదటి మందు పనిచేయకపోవడం కూడా ఆ డాక్టరుకు ఒక ఆధారమే. అక్కడ మానేసి మరోచోట మొదలుపెడితే ఆ ఆధారం పోయి, కథ మళ్లీ మొదటికి వస్తుంది.

5. పరీక్షలకు సరిగ్గా సిద్ధం కండి

సాధారణంగా రక్త పరీక్ష, మల పరీక్ష, పొట్ట అల్ట్రాసౌండ్‌తో మొదలవుతుంది. పిత్తాశయంలో రాళ్లను అల్ట్రాసౌండ్ బాగా పట్టిస్తుంది కానీ, పేగు లోపలి పొర ఎలా ఉందో చెప్పలేదు. కాబట్టి స్కానింగు బాగుందన్నంత మాత్రాన పేగులన్నీ బాగున్నట్టు కాదు. పేగుల్లో వాపు ఉందో లేదో తెలుసుకోవడానికి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్‌ను కొలుస్తారు. నొప్పి మాత్రలు కూడా దాన్ని పెంచగలవు గనుక అవి వాడుతుంటే ముందే చెప్పాలి.

గుంటూరు మిరపకాయే అల్సర్‌కు కారణమని ఇక్కడ తరతరాలుగా నమ్ముతున్నారు. ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియాను వెలుగులోకి తెచ్చి, అల్సర్లలో ఎక్కువ భాగానికి అదే మూలమని చూపారు. అందుకు 2005లో వారికి నోబెల్ బహుమతి లభించింది. కారం అప్పటికే ఉన్న మంటను పెంచగలదు, కానీ ఆ బాక్టీరియాను కారం మానేసి వదిలించుకోలేము. దానికి కొన్ని మందులు కలిపి ఇచ్చే కోర్సును మధ్యలో ఆపకుండా పూర్తి చేయాలి. శ్వాస పరీక్షతో గానీ మల పరీక్షతో గానీ ఈ బాక్టీరియా కోసం వెతికేటప్పుడు పాంటొప్రజోల్ వంటి ఆమ్లాన్ని తగ్గించే మాత్రలను రెండు వారాల ముందు, యాంటీబయాటిక్‌లను నాలుగు వారాల ముందు, డాక్టరు సలహాతో ఆపాలి. లేకపోతే జబ్బు ఉన్నా లేదని ఫలితం రావచ్చు. అలాగే గోధుమ పడదేమోనన్న అనుమానంతో సీలియాక్ రక్తపరీక్ష చేయించుకునేవారు ఆ పరీక్ష అయ్యేదాకా చపాతీ మానకూడదు.

ఎండోస్కోపీకి (నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి జీర్ణాశయం చూసే పరీక్ష) ముందు ఎంతసేపు ఏమీ తినకూడదో డాక్టరు చెబుతారు, అది కచ్చితంగా పాటించాలి. కొలొనోస్కోపీకి (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగు చూసే పరీక్ష) ముందురోజు ఇచ్చే మందునీళ్లు తాగడమే అందరికీ కష్టమనిపించే భాగం. అయినా విరేచనం లేత పసుపు నీళ్లలా వచ్చేదాకా పూర్తిగా తాగాలి, లేకపోతే లోపల ఏమీ కనబడక పరీక్ష వృథా అవుతుంది.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. పేగు క్షయ, క్రోన్స్ వ్యాధి (పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే జబ్బు) రెండూ కొలొనోస్కోపీలో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. క్రోన్స్ అని పొరబడి స్టెరాయిడ్లు ఇస్తే క్షయ ముదురుతుంది. అందుకే బయాప్సీ (పేగు నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) ఫలితం స్పష్టంగా లేనప్పుడు డాక్టర్లు కొన్నిసార్లు ముందు క్షయ మందులు వాడి, రెండు మూడు నెలల తర్వాత మార్పు చూసి నిర్ణయిస్తారు. దీన్ని డాక్టరుకు జబ్బు తెలియకపోవడంగా భావించి మధ్యలో వెళ్లిపోవద్దు.

6. రిపోర్టులన్నీ బాగున్నాయంటే?

ఈ మాట విన్న రోగి ఊరట చెందడానికి బదులు కుంగిపోతాడు, ఎందుకంటే ఇంట్లోవాళ్లు ‘నీకేమీ లేదట, అంతా నీ మనసులోనే ఉంది’ అంటారు. అది నిజం కాదు. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌లో పేగు పైకి మామూలుగానే కనిపించినా, పేగుకూ మెదడుకూ మధ్య సంకేతాలు అతిగా నడవడంవల్ల నొప్పి నిజంగానే వస్తుంది. గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక్కరోజైనా కడుపునొప్పి ఉండి, ఆ నొప్పి విరేచనంతో ముడిపడి ఉండటం, దానితోపాటు విరేచనాల సంఖ్య మారడం, మలం తీరు మారడం అనే మూడింటిలో కనీసం రెండు ఉండి, బాధ మొదలై ఆరు నెలలు దాటితే, వైద్యులు ఆ పేరు పెడతారు. అది ఒక స్పష్టమైన రోగనిర్ధారణ. దానికి చికిత్స కూడా ఉంది. హాస్టళ్లలో ఉండి ఇంటర్, కోచింగ్ చదివే పిల్లలు పరీక్షల ముందు కడుపునొప్పి అంటే సాకు అనుకోకుండా, అన్నయ్యో అమ్మో వెంట వెళ్లి డాక్టరుకు చూపించాలి.

7. తిండిని ఒక్కొక్కటిగా పరీక్షించండి

అన్నీ ఒకేసారి మానేసి పెరుగన్నంతో బతకడం వల్ల నీరసం తప్ప కారణం తెలియదు. పాలు మాత్రమే రెండు వారాలు మానేసి చూడండి. పాలలోని లాక్టోజ్ అరగనివారిలో చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి. ఆ తర్వాత ఉల్లి, వెల్లుల్లి తగ్గించి చూడవచ్చు. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం రూపొందించిన ఫాడ్‌మ్యాప్ ఆహార పద్ధతి కూడా ఇలాగే కొన్ని వారాలు కొన్నిటిని ఆపి, తిరిగి ఒక్కొక్కటిగా చేర్చి చూస్తుంది. అయితే దానిలో కందిపప్పు, శనగపప్పు వంటివి తగ్గిపోతాయి గనుక, శాకాహారులు డైటీషియన్ సాయం లేకుండా మొదలుపెట్టకూడదు. మలబద్ధకం ఉన్నవారు ఇసబ్గోల్‌ను నిండు గ్లాసు నీటితో తీసుకోవాలి. వేసవిలో విజయవాడ ఎండకు ఒంట్లో నీరు తగ్గిపోతుంది గనుక మంచినీళ్లు మరింత ఎక్కువ తాగాలి.

మందు మొదలుపెట్టాక డాక్టరు చెప్పిన తేదీన, బాగున్నా బాగాలేకున్నా, అదే నోటుపుస్తకంతో మళ్లీ వెళ్లండి. ఏ బాధ ఎంత తగ్గింది, ఏది మిగిలింది, ఏ మందు ఎన్నాళ్లు వాడాలి, ఏది ఎప్పుడు ఆపాలి అన్న ప్రశ్నలను ముందుగానే రాసుకుని, లోపలికి వెళ్లగానే మొదటిదాన్ని అడగండి.