క్యారవాన్ ప్రయాణం: ముందు రాత్రి బస, ఆ తర్వాతే రూటు

క్యారవాన్ తీసుకుని పశ్చిమ కనుమలు, సముద్రతీరం చుట్టి వద్దామనుకునే బెంగళూరు తెలుగువాళ్లు నన్ను మొదట అడిగే మాట "దారిలో ఏమేం చూడొచ్చు?" అని. ఆ ప్రశ్న ఆఖరున పెట్టుకోండి. కారులో వెళ్తే చూడాల్సినవి రాసుకుంటాం, చీకటి పడ్డచోట లాడ్జి వెతుక్కుంటాం. క్యారవాన్‌తో అలా కుదరదు. అంత పొడవు బండికి కరెంటు ఇవ్వాలి, నీళ్లు పట్టాలి, మురుగు ఖాళీ చేయాలి. రాత్రికి ఎక్కడ ఆగుతుందో తేలితేనే పగలు ఎటు పోవాలో తేలుతుంది.

మాది అనంతపురం, ఉండేది బెంగళూరు కగ్గదాసపురలో. నేను అకౌంట్స్ మనిషిని, అందుకే ఇందులో లెక్కలు కాస్త ఎక్కువే ఉంటాయి. మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తయ్య, మా ఆడబిడ్డ, నేను. ఆరుగురి కోసం వేసుకునే ప్లాన్ ఇది.

బండి మాట్లాడుకునేటప్పుడు

మనవాళ్లకు క్యారవాన్ అనగానే షూటింగుల దగ్గర హీరోల బండి గుర్తొస్తుంది. అద్దెకు దొరికేవి అంత వైభవంగా ఉండవు. ఎక్కువగా ఫోర్స్ ట్రావెలర్ లాంటి వ్యాను మీద కట్టినవే. బెర్తులు ఎన్ని ఉన్నాయో అందరూ చెబుతారు. మీరు అడగాల్సింది బెల్టు ఉన్న సీట్లు ఎన్ని అని. బండి కదులుతున్నంతసేపూ అందరూ సీట్లోనే ఉండాలి. మా అత్తయ్యకు ఇది అస్సలు నచ్చదు. "పరుపు వేసిన బండిలో కూర్చోమంటారేమే!" అంటుంది. అయినా సరే, ఘాట్ రోడ్డులో బెర్తు మీద పడుకున్న మనిషి ఒక్క సడన్ బ్రేకుకు కింద పడతారు.

అద్దె లెక్కలో అసలు కిటుకు "రోజుకు కనీస కిలోమీటర్లు" అన్న షరతులో ఉంటుంది. ఉదాహరణకు రోజుకు 250 కిలోమీటర్ల కనీసం అనుకుందాం. ఏడు రోజులకు 1,750 కిలోమీటర్లకు బిల్లు వేస్తారు, మీరు తిరిగేది వెయ్యి అయినా సరే. తాపీగా తిరిగేవాళ్లకు ఇది నష్టం. అందుకే బండి కదలని రోజుకు వేరే రేటు అడగండి, కొందరు ఒప్పుకుంటారు. డ్రైవర్ బత్తా, టోలు, వేరే రాష్ట్రం వెళ్తే పర్మిట్ ఖర్చు ఎవరివో కాగితం మీద రాయించుకోండి. పసుపు నంబరు ప్లేటు ఉన్న అద్దె బండికి ఫాస్టాగ్ వార్షిక పాసు వర్తించదు, అది సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే. కాబట్టి టోలు పూర్తిగా లెక్కలో వేసుకోవాల్సిందే.

మా ఆయనకు తనే నడపాలని సరదా. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. అయినా నా ఓటు డ్రైవర్‌కే. ఘాట్‌లో స్టీరింగు పట్టుకున్న మనిషి కొండా చూడలేడు, లోయా చూడలేడు. మరి డబ్బులు పెట్టి వెళ్లేది దేనికి? డ్రైవర్ అన్న రాత్రి ఎక్కడ పడుకుంటాడో మాత్రం ముందే తేల్చండి. "ముందు సీట్లో సర్దుకుంటాడులే" అనే ఓనరుతో బేరం వద్దు. ఆగే ప్రతిచోటా ఆయనకు ఒక మంచం, ఒక ఫ్యాను ఉన్న గది మీ ఖర్చులో ఉండాలి. మర్నాడు ఆరుగురి ప్రాణాలు ఆయన నిద్ర మీద ఆధారపడి ఉంటాయి.

ఎప్పుడు, ఎటు

జూన్ నుంచి సెప్టెంబరు వరకు కనుమలు పచ్చగా ఉంటాయి, కానీ కొండచరియలు విరిగిపడి సకలేశపుర నుంచి మంగళూరు వైపు దిగే శిరాడి ఘాట్‌లో రాకపోకలు ఆగిపోయే కాలం కూడా అదే. డిసెంబరు, జనవరిలో రోడ్డు బాగుంటుంది, జోగ్ జలపాతం దగ్గర మాత్రం నీళ్లు పలచబడతాయి. శరావతి నది నీళ్లను పైన లింగనమక్కి డ్యామ్‌లో ఆపి కరెంటు ఉత్పత్తికి మళ్లిస్తారు కదా. నాకు నచ్చేది అక్టోబరు. దసరా సెలవులు కలిసొస్తాయి, వాన తగ్గుతుంది, జలపాతం ఇంకా పూర్తిగా సన్నబడదు. పండగ మూడు రోజులు మాత్రం వదిలేసి బయల్దేరండి.

రూటు ఇలా వేస్తాను. మొదటి రోజు బెంగళూరు నుంచి నెలమంగల, కుణిగల్, హాసన్ మీదుగా సకలేశపుర, దాదాపు 220 కిలోమీటర్లు. రెండో రోజు పొద్దున్నే శిరాడి ఘాట్ దిగి, మంగళూరు దాటి ఉడుపి పక్కన మల్పె. మూడో రోజు బండి కదలదు. నాలుగో రోజు 66వ నంబరు జాతీయ రహదారి మీద మరవంతె మీదుగా మురుడేశ్వర. ఐదో రోజు హొన్నావర దగ్గర సముద్రాన్ని వదిలి గేరుసొప్పె ఘాట్ ఎక్కి జోగ్. ఆరో రోజు సాగర మీదుగా శివమొగ్గ, ఏడో రోజు ఇల్లు. మొత్తం వెయ్యి కిలోమీటర్ల చిల్లర. ఈ దూరాన్ని కారు కుర్రాళ్లు మూడు రోజుల్లో కొట్టేస్తారు, వాళ్లతో పోటీ వద్దు. ఘాట్‌లో ఈ బండికి గంటకు 25, 30 కిలోమీటర్లే లెక్క వేసుకోండి. మ్యాప్ చూపించే సమయానికి కనీసం మూడో వంతు కలపండి. సాయంత్రం ఐదింటికల్లా బస చేరేలా ప్లాన్ ఉంటే సగం టెన్షన్ పోతుంది.

ఊటీ ఎందుకు లేదని అడుగుతారు. బందీపూర్ అడవి గుండా వెళ్లే రోడ్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. నీలగిరికి 2024 మే నుంచి ఈ-పాస్ కావాలి. మసినగుడి నుంచి కల్హట్టి మీదుగా ఎక్కే దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులు, పొడవైన బండికి అది దారే కాదు. వెళ్లాలంటే గూడలూరు మీదుగా వెళ్లండి. ఉడుపి వైపు దిగే ఆగుంబె ఘాట్‌ది కూడా ఇంచుమించు ఇదే కథ. 14 మలుపులే, కానీ ఇరుకు. జాబితాలో ఉన్నా కొట్టేయండి.

రాత్రి బస

మన దగ్గర క్యారవాన్ల కోసమే కట్టిన పార్కులు చాలా తక్కువ. కేరళ 2021లో క్యారవాన్ టూరిజం మొదలుపెట్టాక వాగమణ్‌లో ఒక పార్కు వచ్చింది. ఈ రూటులో అలాంటివి ఉన్నాయనుకుని బయల్దేరకండి. హోమ్‌స్టేలు, ఆవరణ ఉన్న హోటళ్లు, గుడి వసతి గృహాల మీదే ఆధారపడాలి. ఫోను చేసి "పార్కింగ్ ఉందా?" అంటే అందరూ "ఉంది" అంటారు. వాళ్ల మనసులో ఉన్నది స్విఫ్ట్ కారు. మలెనాడులో, అంటే కర్ణాటక కనుమల సీమలో, ఒక హోమ్‌స్టే ఆయన అలాగే అన్నాడు, తీరా వెళ్తే గేటు మీద కాంక్రీటు ఆర్చి, మా బండి మీద ఏసీ డబ్బా. పక్కింటి వక్కల కళ్లం వాళ్లు దయతలచి చోటిచ్చారు.

కాబట్టి గేటు ఫోటో వాట్సాప్‌లో పంపమనండి. బండి ఎత్తు ఏసీతో కలిపి ఎంతో ఓనరును అడిగి, ఆ అంకె డాష్‌బోర్డు మీద అంటించండి. రైల్వే అండర్‌బ్రిడ్జిల దగ్గర కూడా అదే పనికొస్తుంది. గేటు నుంచి ఆగే చోటు దాకా మట్టి దారా, రాయి పరిచారా? కాఫీ తోటల్లో ఒక్క వాన పడితే ఎర్రమట్టి సబ్బులా జారుతుంది. పైన కొమ్మలు, కరెంటు తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయి? నేల చదునుగా ఉందా? వాలులో ఆపితే రాత్రంతా అందరూ ఒక పక్కకు జారుతూ పడుకోవాలి. 16 ఆంప్స్ సాకెట్టు ఎంత దూరంలో ఉంది, దానికి ఎర్తింగ్ ఉందా? మురుగు ఖాళీ చేయడానికి వాళ్ల టాయిలెట్ వాడుకోనిస్తారా? ఈ ఆఖరి ప్రశ్నకు మొహమాటపడతాం. అడగండి, డబ్బులిస్తామనండి.

కరెంటు

బండిలో 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉందనుకుందాం. అంటే 1,800 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే అందులో సగమే వాడుకోవాలి, 900. ఒక టన్ను ఏసీ గంటకు సుమారు వెయ్యి తింటుంది. అంటే బ్యాటరీ మీద ఏసీ గంట కూడా నడవదు. ఇండక్షన్ స్టవ్ 2,000 వాట్ల మీద పావుగంట పెడితే 500 పోయాయి. మిక్సీ మాత్రం రెండు నిమిషాల పనే కాబట్టి చట్నీకి భయం లేదు. లిథియం బ్యాటరీ అయితే లెక్క ఇంకొంచెం ఉదారంగా ఉంటుంది. ఏదైనా సరే, రాత్రి ఏసీ కావాలంటే గోడ సాకెట్టు ఉండాల్సిందే.

అందుకే 16 ఆంప్స్ ప్లగ్గుతో, 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల కాపర్ వైరు ఒక 20 మీటర్లు సొంతంగా కొనుక్కోండి. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో ఎలక్ట్రికల్ షాపువాళ్లే ప్లగ్గు బిగించి ఇస్తారు. వాడేటప్పుడు చుట్ట మొత్తం విప్పి పరచాలి. చుట్టగానే ఉంచి ఏసీ వేస్తే వైరు వేడెక్కి కరిగిపోతుంది. ఏసీ, గీజరు, ఇండక్షన్ మూడూ ఒకేసారి వేయకూడదని పిల్లలకు మొదటి రోజే చెప్పేయండి.

నీళ్లు, టాయిలెట్

ట్యాంకు 150 లీటర్లు అంటే వినడానికి ఎక్కువే. ఆరుగురూ బకెట్ స్నానం చేస్తే ఒక్క పూటలో ఖాళీ. మా ఇంట్లో నియమం ఒకటే: స్నానాలు బస దగ్గర, బండి నీళ్లు ముఖం, చేతులు, టాయిలెట్‌కే. తాగే నీళ్లకు విడిగా 20 లీటర్ల క్యాను. ట్యాంకు నిండా నింపి ఘాట్ ఎక్కడం కూడా అనవసరం, 150 లీటర్లంటే 150 కిలోల బరువు. సగంతో ఎక్కి, దిగాక నింపుకోండి.

టాయిలెట్ చాలా బండ్లలో క్యాసెట్ రకం. అంటే బయటికి లాగి ఖాళీ చేసే సుమారు 20 లీటర్ల డబ్బా. ఆరుగురు రాత్రీ పగలూ వాడితే మర్నాటికి నిండుతుంది. దారిలో పెట్రోల్ బంకు టాయిలెట్లు వాడుకుంటే రెండు రోజులు వస్తుంది. ఖాళీ చేయాల్సింది టాయిలెట్లోనే. వాగు పక్కన, తోటలో, రోడ్డు కాలువలో పారబోసే వాళ్లను చూశాను, ఆ నీళ్లే కింది ఊరివాళ్లు తాగుతారు. ఘాటైన టాయిలెట్ క్లీనర్లు, బ్లీచింగ్ అందులో పోయకండి, రబ్బరు సీలు పాడవుతుంది. దానికి వాడే ద్రావకం సీసా ఓనరు దగ్గరే అడిగి తీసుకోండి. ఈ పని ఎవరు చేస్తారన్నది బయల్దేరే ముందే తేల్చుకోవాలి. డ్రైవర్ అన్న పని కాదది. మా ఇంట్లో మా ఆయనది. స్టీరింగు ఇవ్వలేదు కదా, ఇది ఇచ్చాం.

తిండి

బండిలో వంట అంటే ఉత్సాహంతో ఇల్లంతా సర్దుతారు. గిన్నెలు తోమడానికి నీళ్లెక్కడివి? పొద్దున ఉగ్గాని బాగా కుదురుతుంది. బొరుగులు, పుట్నాలపొడి, ఉల్లిపాయ, నిమ్మకాయ ఉంటే పది నిమిషాల మంట చాలు. వేయించిన రవ్వ, చెనక్కాయల పొడి, జొన్నరొట్టెలు ఇంటి నుంచే. పక్కన బజ్జీలు అడిగితే హోటల్ చూపించండి, ఆ ఇరుకులో నూనె మూకుడు పెట్టొద్దు. మధ్యాహ్నం ఉడుపి దాకా వెళ్లి కూడా బండిలో వండుకుంటే అది మన తప్పే. వక్క పట్టల ప్లేట్లు మలెనాడులో ఎక్కడైనా దొరుకుతాయి. గ్యాసు ఉన్న బండి అయితే కదిలే ముందు వాల్వు మూశారో లేదో ఒకరు చేత్తో తిప్పి చూడాలి.

దారిలో

మా వీధిలో కేబుళ్లు మనిషికి తగిలేంత కిందికి వేలాడుతుంటాయి. మీ వీధీ అలాగే ఉంటే బండిని ఇంటి ముందుకు పిలవకండి, ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు మీద ఎక్కండి. ఉదయం ఐదు లోపు కదిలితే గొరగుంటెపాళ్య, పీణ్య ఇబ్బంది లేకుండా దాటుతారు. శనివారం ఉదయం మాత్రం ఎంత పొద్దున్నే లేచినా నెలమంగల టోల్ దగ్గర ఊరంతా కలుస్తుంది. బుధ, గురువారాల్లో బయల్దేరండి.

సకలేశపుర దాటగానే మంజరాబాద్ కోట. టిప్పు సుల్తాన్ 1792లో కట్టించిన నక్షత్రాకారపు కోట. మెట్లెక్కలేని అత్తయ్యలకు కింద కాఫీ. శిరాడి దిగేటప్పుడు డ్రైవర్ తక్కువ గేరులో ఇంజిను బిగువు మీద దిగుతున్నాడా, బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచాడా గమనించండి. కాలిన వాసన వస్తే మొహమాటం లేకుండా ఆపించి బ్రేకులు చల్లారనివ్వండి. ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది చట్టం.

మరవంతెలో ఒక పక్క అరేబియా సముద్రం, ఇంకో పక్క సౌపర్ణికా నది, మధ్యలో హైవే. ఫోటో కోసం అంచున ఆపబుద్ధేస్తుంది, వెనక లారీలు దూసుకొస్తుంటాయి. విడిగా జాగా ఉన్నచోటే ఆపి నడిచి రండి. ఇసుకలోకి బండి దింపొద్దు, కూరుకుపోతే ట్రాక్టరు తప్ప ఏదీ లాగదు. మల్పెలో సెయింట్ మేరీస్ ద్వీపం పడవలు వానాకాలంలో ఆపేస్తారు, అక్టోబరులో వెళ్లేవాళ్లు ముందు రోజే కనుక్కోండి. మురుడేశ్వరలో 123 అడుగుల శివుడు ఊరికి చాలా ముందు నుంచే కనిపిస్తాడు. గుడి దాకా బండి తీసుకెళ్లకుండా బయటే ఆపి ఆటో ఎక్కండి. గేరుసొప్పె అడవిలో కోతులుంటాయి, కిటికీలు మూయండి, తినేవి చూపించకండి. జోగ్‌లో 253 మీటర్ల పైనుంచి పడే నీళ్లను పొద్దున చూడాలంటే ముందు రాత్రి అక్కడే ఆగాలి. మంచు కమ్మితే గంట, రెండు గంటలు ఏమీ కనపడదు, కాబట్టి ఆ ఉదయానికి వేరే పని పెట్టుకోవద్దు.

శివమొగ్గ బసలో నీళ్ల ట్యాంకు, టాయిలెట్ డబ్బా రెండూ ఖాళీ చేసి, బండి లోపల, బయట వీడియో తీయండి. బండి తీసుకున్న రోజు తీసిన వీడియో కూడా ఫోనులో ఉండాలి. మురుగుతో తిరిగి ఇస్తే శుభ్రం చేసినందుకని డిపాజిట్‌లో కోత పెడతారు. గీతలు పాతవా కొత్తవా అన్న వాదన వస్తే ఆ రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి చూపించండి.