‘అమ్మ’కు పన్నెండు బైట్లు: మైఎస్‌క్యూఎల్‌లో చెదిరిన తెలుగును తిరిగి తెచ్చుకోవడం

మా ఊరి గ్రంథాలయం పుస్తకాల జాబితాను పాత మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) నుంచి దాని 8.0 వెర్షన్‌కి మార్చిన రోజు తెలుగు పేర్లన్నీ పోయి ఒకటే వరస కనిపించింది: నెత్తిన గీత ఉన్న చిన్న ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే. ఆ పేర్లను ఏళ్ల తరబడి టైప్ చేసినావిడ రిటైరైపోయారు. ఆ రాత్రంతా టెన్షనే.

మీకూ ఇలా అయితే ఒక్క రికార్డునూ చేత్తో దిద్దకండి. డంప్ (మొత్తం డేటా కాపీ) తీసి, వేరే డేటాబేస్‌లో ఎక్కించి, అక్కడే ప్రయత్నించండి.

ముందు హెక్స్ ఫంక్షన్‌తో లోపలి బైట్లు చూడండి, ఒక్కో బైటు ఈ0 లాంటి రెండు గుర్తుల కోడ్‌గా కనిపిస్తుంది. అన్ని భాషల లిపులనూ దాచగల యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. ‘అమ్మ’ అంటే అ, మ, పొల్లు, మ: పన్నెండు. మొదటి మూడూ ఈ0, బీ0, 85. వాటినే లాటిన్1గా, అంటే గుర్తుకి ఒక్క బైటే ఉండే పాత యూరప్ పద్ధతిలో చదివితే గీత ఏ, డిగ్రీ గుర్తు, మూడు చుక్కలు. తెలుగు పదం దాదాపు ఏదైనా ఈ0 బీ0తోనే మొదలవుతుంది. అవి కనబడ్డాయంటే ఊపిరి పీల్చుకోండి, డేటా క్షేమం. కాలమ్‌కి లాటిన్1 అని పేరు పెట్టి లోపల యూటీఎఫ్-8 దాచారు, అంతే. పాత ప్రోగ్రాం కనెక్షన్ కూడా లాటిన్1 కాబట్టి సర్వర్ ఏమీ మార్చకుండా ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగిచ్చేది.

అందరూ ఇక్కడే ‘కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్’ (అక్షరాలను వేరే పద్ధతిలోకి మార్చే ఆజ్ఞ) కొట్టేస్తారు. వద్దు. సర్వర్ ఆ గీత ఏ నే నిజం అనుకుని దాన్ని మళ్లీ యూటీఎఫ్-8లోకి మారుస్తుంది. అప్పుడు హెక్స్ సీ3 ఏ0 సీ2 బీ0తో మొదలవుతుంది. దానికీ మందు ఉంది: కన్వర్ట్‌తో లాటిన్1కి, క్యాస్ట్‌తో బైనరీకి (ఉత్త బైట్లకి), మళ్లీ కన్వర్ట్‌తో యూటీఎఫ్8ఎంబీ4కి (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు ఇదే). అలా మొదలయ్యే రికార్డులకే చేయండి. అక్షరాల చోట 3ఎఫ్‌లు, అంటే ప్రశ్నార్థకాలు పడితే మాత్రం పాత బ్యాకప్ వెతుక్కోవాల్సిందే.

సరైన దారి రెండు ఆల్టర్‌లు, అంటే కాలమ్ రకాన్ని మార్చే ఆజ్ఞలు. వార్‌చార్ 200ని (200 గుర్తుల దాకా పట్టే అక్షరాల కాలమ్) ముందు వార్‌బైనరీ 200 (ఉత్త బైట్ల కాలమ్) చేయండి. బైనరీకి భాష లేదు కాబట్టి బైట్లు కదలవు. తర్వాత దాన్ని యూటీఎఫ్8ఎంబీ4 వార్‌చార్ 200 చేయండి. టెక్స్ట్ కాలమ్ అయితే మధ్యలో వార్‌బైనరీ బదులు బ్లాబ్ (పెద్ద బైట్ల కాలమ్). ఆల్టర్‌లో మాడిఫై రాసేటప్పుడు కాలమ్‌కి ముందున్న నాట్ నల్ (విలువ తప్పనిసరి), డిఫాల్ట్ (ఏమీ ఇవ్వకపోతే పడే విలువ) మళ్లీ రాయాలి, లేకపోతే పోతాయి. కనెక్షన్‌ని కూడా యూటీఎఫ్8ఎంబీ4కి మార్చడం మరవకండి.

రెండో ఆల్టర్ ‘ఇన్‌కరెక్ట్ స్ట్రింగ్ వాల్యూ’ అని ఆగిపోయిందా? లాటిన్1లో 200 అంటే 200 బైట్లే. అందులో 66 తెలుగు గుర్తులు పట్టి, 67వది రెండు బైట్ల దగ్గర తెగిపోతుంది. లెంగ్త్ (బైట్ల లెక్క) సరిగ్గా 200 ఉన్న రికార్డులు వెతకండి, దొరుకుతాయి. మాకు తొమ్మిది దొరికాయి. బీరువాల దగ్గరికి వెళ్లి, అట్టల మీది పేర్లు చూసి మళ్లీ టైప్ చేశాను.