గోడౌన్‌లో స్కానర్ ఆగిపోతుంటే ఏం చేశానంటే

విజయనగరంలో మాది ఓ మోస్తరు సూపర్ మార్కెట్. ఇదివరకు కుర్రాళ్లు స్టాకు నోటుబుక్కులో రాసుకొస్తే రాత్రికి కంప్యూటర్లో ఎక్కించేవాళ్లం. ఈలోగా సరుకు అమ్ముడైపోయేది. పైడితల్లమ్మ పండగ ముందు ఇక లాభం లేదని చేతిలో పట్టుకునే ఆండ్రాయిడ్ స్కానర్లు కొన్నాం. రాక్ ముందే నిలబడి బార్‌కోడ్ కొడితే మిగిలిన స్టాకు కనబడాలి, ఆర్డరు అక్కడే పెట్టేయాలి.

షాపులో బానే ఉంది. గోడౌన్‌లోకి అడుగు పెడితే చాలు, తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. అమ్మినవాళ్లు స్కానర్ మార్చమన్నారు. నాకు నమ్మకం కుదర్లేదు. స్కానర్లు నడిచేది వైఫై మీదే కాబట్టి, ఫోన్లో సిగ్నల్ బలం చూపించే వైఫై ఎనలైజర్ యాప్ పెట్టుకుని గోడౌన్‌లో నడిచా. నూనె డబ్బాల వరస వెనక సిగ్నల్ మైనస్ 80 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క) కిందకి, అంటే బాగా బలహీనంగా పడిపోతోంది. ఇనుప రాకులు తరంగాల్ని వెనక్కి కొడతాయి, నీళ్ల బాటిళ్లు పీల్చేస్తాయి. పైగా స్కానర్ 5 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌నే పట్టుకు వేలాడుతోంది. గోడలు దాటడంలో అది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కంటే బలహీనం.

కేబుల్ లాగి గోడౌన్ కప్పుకి ఇంకో యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) బిగించా. ఉన్న సిగ్నల్‌నే అందుకుని మళ్లీ పంపే రిపీటర్ చవకే గానీ, మామూలు రకమైతే వేగం దాదాపు సగం తినేస్తుంది. 2.4లో 1, 6, 11 చానళ్లు ఒకదానికొకటి అడ్డురావు కనక షాపుకి 1, గోడౌన్‌కి 11 ఇచ్చా. యాప్‌లో ఆఫ్‌లైన్ మోడ్ కూడా పెట్టించా. సిగ్నల్ పోయినా స్కాన్లు లోపలే దాచుకుని తర్వాత పంపుతుంది.

ఇంకో చిక్కు, కాటా మీద తూచి ప్యాకెట్లకి అంటించే లేబుళ్లు. 2తో మొదలయ్యే ఆ కోడ్‌లోనే తూకం కూడా ఉంటుంది కాబట్టి కందిపప్పు ప్యాకెట్ ప్రతిదీ కొత్త సరుకులా కనబడేది. సరుకు అంకెలు మాత్రమే చదివేలా సాఫ్ట్‌వేర్ కుర్రాడి చేత మార్పించా.