ప్రచారం చేశాం సరే, ఏం మారింది? ఫలితాల లెక్కలో వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

విశాఖలో ఏడాది పొడవునా ఏదో ఒక అవగాహన ప్రచారం నడుస్తూనే ఉంటుంది. వానలు పడితే డెంగీ, బీచ్‌లో ప్లాస్టిక్, జంక్షన్లలో హెల్మెట్, హార్బర్‌లో లైఫ్ జాకెట్. ఆ ప్రచారాలు పనిచేశాయో లేదో తేల్చే పనిలో నేను కొన్నేళ్లుగా కొండవాలు కాలనీల్లో తిరుగుతున్నాను. ఎక్కువగా చూసింది డెంగీయే కాబట్టి ఉదాహరణలు కూడా అక్కడివే. ప్రచారం ఏదైనా చిక్కులు మాత్రం ఇవే వస్తాయి. మీ రిపోర్టులో ఏ లక్షణం కనబడితే అక్కడి నుంచే చదువుకోండి.

లక్షణం: రిపోర్టు నిండా అంకెలు, "ఏం మారింది?" అంటే జవాబు లేదు

కరపత్రాలు ఇన్ని వేలు పంచాం, ఆటో మైకు ఇన్ని రోజులు తిరిగింది, ర్యాలీలు ఇన్ని జరిగాయి. ఇదంతా మనం చేసిన పని. జనంలో వచ్చిన మార్పు ఇందులో ఎక్కడా లేదు.

ఇలా కావడానికి కారణం ప్రచారానికి ముందే ఉంటుంది. "ప్రజల్లో అవగాహన పెంచడం" అని లక్ష్యం రాసుకుంటే దాన్ని దేనితో కొలుస్తాం? "ఈ కాలనీలో నీళ్ల డ్రమ్ములు వారానికోసారి ఖాళీ చేసి, తోమి, మూత పెట్టాలి" అని రాసుకుంటే వెళ్లి చూసి లెక్కపెట్టొచ్చు. ఎవరింట్లో, ఏ వస్తువు దగ్గర, ఏ పని మారాలో ఒక్క వాక్యంలో రాయలేకపోతే పోస్టరు ప్రింటింగుకు ఇవ్వకండి.

ఆ వాక్యం దొరికాక ఐదు ప్రశ్నలు వేసుకోండి. మాట బయటికి వెళ్లిందా, ఇంటికి చేరిందా, అర్థమైందా, ఆ పని చేశారా, జబ్బు తగ్గిందా. ప్రశ్నకు కొలవదగ్గ ఒక్క గుర్తు చాలు. ప్రచారానికి ముందు ఒకసారి కొలవాలి, అదే బేస్‌లైన్. ప్రచారం ఇప్పటికే మొదలైపోయిందంటే, అదే రకం ఇళ్లు, అదే రకం నీటి సరఫరా ఉండి ఇంకా మైకు వెళ్లని కాలనీని ఈ వారమే కొలిచి పెట్టుకోండి. బేస్‌లైన్‌తో సమానం కాదు కానీ చేతిలో ఏదీ లేకపోవడం కన్నా చాలా నయం.

పత్రికల్లో వచ్చిన వార్తలను కాలమ్ సెంటీమీటర్లలో కొలిచి, ప్రకటన రేటుతో గుణించి "ఇన్ని లక్షల విలువైన ప్రచారం" అని చూపించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ప్రచార ఫలితాల కొలతపై 2010లో బార్సిలోనాలో కుదిరిన సూత్రాలే ఆ లెక్క చెల్లదని స్పష్టంగా చెప్పాయి. ఆ గడిని రిపోర్టు నుంచి తీసేయండి.

లక్షణం: సందేశం అందరికీ గుర్తుంది, పని మాత్రం జరగడం లేదు

ఈ చిక్కు నాకు నేర్పినంత ఇంకేదీ నేర్పలేదు.

ఒక కాలనీలో ఎవరినడిగినా "ఇంటి చుట్టూ నిల్వ నీరు ఉండకూడదు" అని మైకులో విన్నది విన్నట్టు అప్పజెప్పారు. ఒకావిడ వాకిట్లో నీలం డ్రమ్ము ఉంది. టార్చి వేస్తే అంచు దగ్గర లార్వాలు, అంటే దోమ పిల్ల పురుగులు, తలకిందులుగా వేలాడుతున్నాయి, మా నీడ పడగానే ముడుచుకుంటూ అడుక్కి దిగిపోయాయి. "అమ్మా, నిల్వ నీరు ఉండకూడదన్నారు కదా?" అని అడిగాం. ఆవిడ మా వైపు వింతగా చూసి, "నిల్వ నీరంటే గెడ్డలోది కదమ్మా. ఇది మేము వాడుకునే నీరు, నిన్ననే పట్టాం" అంది.

గెడ్డంటే ఇక్కడ మురుగు కాలువ. తప్పు ఆవిడది కాదు, మా మాటది. డెంగీ దోమ ఏడిస్ పెరిగేది ఎక్కువగా ఇంట్లో పట్టుకున్న శుభ్రమైన నీటిలో. డ్రమ్ములు, పూలకుండీలు, కూలర్లు, పాత టైర్లు, ఫ్రిజ్ వెనక ట్రే, ఇవే దాని పుట్టిళ్లు. మనం "నిల్వ నీరు" అనగానే వినేవాళ్ల కళ్ల ముందు మురుగు మెదులుతోంది. పైగా మా సర్వే ఫారంలోనూ అదే మాట ఉంది, "మీ ఇంటి దగ్గర నిల్వ నీరు ఉందా?" అని. ఆవిడ "లేదు" అంటే మేం టిక్కు పెట్టుకున్నాం. సందేశంలోని తప్పును ప్రశ్న కూడా మోసుకొస్తే సర్వే ఆ తప్పును ఎప్పటికీ పట్టుకోలేదు.

పరిష్కారం చవకైనదే. పోస్టరు వేయకముందు పదిమందికి చూపించి, "దీన్ని మీ పక్కింటావిడకు ఎలా చెబుతారు?" అని అడగండి. "అర్థమైందా?" అని మాత్రం అడగకండి, అందరూ తలూపుతారు. వాళ్ల నోటి నుంచి వచ్చిన మాటనే రాసుకుని పోస్టరులో పెట్టండి. మేం తర్వాత "మీ డ్రమ్ము నీళ్లు, మీ కుండీ నీళ్లు" అని మార్చాం. బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీ కుటుంబాలున్న వీధుల్లో ఇదే పరీక్ష హిందీలోనూ ఒడియాలోనూ చేయాలి.

లక్షణం: అందరూ "చేస్తున్నాం" అంటారు, వెళ్లి చూస్తే చేయడం లేదు

కారణం మొహమాటం. ఇంటికొచ్చిన మనిషిని నొప్పించడం మనవాళ్లకు ఇష్టముండదు. పైగా నిన్న కరపత్రం ఇచ్చిన అమ్మాయే ఇవాళ ఫారం పట్టుకుని "పాటిస్తున్నారా?" అని అడిగితే "లేదమ్మా" అనడానికి ఎవరికి నోరొస్తుంది?

కాబట్టి ప్రచారం చేసినవాళ్లు, కొలిచేవాళ్లు వేరుగా ఉండాలి. మనుషులు చాలకపోతే పక్క వార్డు వాళ్లను ఇటు, ఇటువాళ్లను అటు పంపండి. ప్రశ్న కూడా మార్చండి. "వారానికోసారి కడుగుతున్నారా?" అని కాదు, "ఈ డ్రమ్ము ఆఖరిసారి ఎప్పుడు ఖాళీ అయింది? ఎవరు తోమారు?" అని అడగండి. అన్నిటికన్నా ముందు "ఒకసారి చూడొచ్చా?" అనండి. చూసిందీ, చెప్పిందీ రెండు వేర్వేరు గడుల్లో రాయండి. ఆ రెంటి మధ్య ఉన్న తేడానే మీ రిపోర్టులో అసలు వార్త.

లెక్కకు బ్రెటో సూచిక ఉంది. వంద ఇళ్లకు లార్వా ఉన్న పాత్రలు ఎన్ని అన్నదే అది. ఎన్ని ఇళ్లలో లార్వా దొరికిందో శాతంలో చెబితే ఇంటి సూచిక. రెండూ రాయండి. ఒక్క ఇంట్లోనే ఆరు పాత్రల్లో ఉండటం, ఆరిళ్లలో ఒక్కో పాత్రలో ఉండటం ఒకటి కాదు.

వెళ్లి చూడటం కొత్త పద్ధతేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఊళ్లకు టీవీ పాఠాలు పంపిన సైట్ ప్రయోగంలో మన రాష్ట్రం కూడా ఉంది. ఫారాలు నింపడంతో ఆగకుండా పరిశోధకులను కొన్ని ఊళ్లలో మకాం పెట్టించి, జనం టీవీ ముందు ఏం చేస్తున్నారో, తర్వాత ఏం మాట్లాడుకుంటున్నారో గమనింపజేశారు.

లక్షణం: సర్వే లెక్క బాగుంది, ఆశా కార్యకర్త మాత్రం "కాదండీ" అంటోంది

ఆశా మాటను ముందు నమ్మండి, తర్వాత మీరు ఏయే ఇళ్లకు వెళ్లారో చూడండి. గాజువాక వైపు పొద్దున పదింటికి వెళ్తే షిఫ్టుకు వెళ్లినవాళ్లు దొరకరు. కొండవాలు కాలనీల్లో మెట్లు ఎక్కలేక రోడ్డు పక్క ఇళ్లతోనే ఫారాలు పూర్తవుతాయి, నీటి ఇబ్బంది ఎక్కువగా ఉండేది పైనున్న ఇళ్లకు. మత్స్యకారుల వాడల్లో ఇంకో మెలిక ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కాబట్టి అప్పుడు మగవాళ్లు ఇళ్ల దగ్గరుంటారు. బేస్‌లైన్ మేలోనూ, తర్వాతి సర్వే ఆగస్టులోనూ చేస్తే మీరు పోల్చేది ఇద్దరు వేర్వేరు మనుషుల జవాబులను.

పై మెట్టు నుంచి మొదలుపెట్టి, ప్రతి ఐదో ఇల్లో, పదో ఇల్లో ఎంచుకుంటూ దిగండి. తాళం ఉంటే పక్కింటికి పోకుండా సాయంత్రం మళ్లీ వెళ్లండి. పల్స్ పోలియోలో పిల్లలకు చుక్కలు పడని ఇంటి గోడ మీద ఎక్స్ అని రాసి, మళ్లీ మళ్లీ ఆ ఇంటికే వెళ్లేవారు. ఆ పట్టుదల మన సర్వేకీ కావాలి. ఇళ్లు ఎన్ని అంటారా, పెద్ద ప్రాంతంలో లాటరీ పద్ధతిన ఎంచుకుంటే 5 శాతం అటూ ఇటుగా, 95 శాతం నమ్మకంతో చెప్పడానికి 384 ఇళ్లు సరిపోతాయి. విడివిడి ఇళ్లు కాకుండా వీధి వీధిగా గుంపులుగా ఎంచుకుంటే ఇంకా ఎక్కువ కావాలి. కానీ తప్పుగా ఎంచుకున్న వెయ్యి ఇళ్ల కన్నా సరిగ్గా ఎంచుకున్న 200 ఇళ్లు మేలు.

లక్షణం: తేడా వచ్చింది, మన వల్లేనా?

వానలు వెనక్కి తగ్గి చలి మొదలైతే డెంగీ మామూలుగానే తగ్గుతుంది. సెప్టెంబరుతో డిసెంబరును పోల్చి "మా ప్రచారం వల్ల తగ్గింది" అనడం సరికాదు. పెద్ద సంఘటనలూ లెక్కను తారుమారు చేస్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తాకిన నగరంలో అంతకుముందు తీసిన బేస్‌లైన్‌ను పక్కన పెట్టక తప్పదు. ప్లాస్టిక్ ప్రచారం చేసినవాళ్లు కూడా 2022 జూలై 1న దేశమంతా కొన్ని ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై అమల్లోకి వచ్చిన నిషేధాన్ని మరచిపోకూడదు.

ప్రచారం లేని కాలనీని జతగా పెట్టుకోండి. లెక్క కోసం అనుకుందాం, మన కాలనీలో వందలో 30 ఇళ్లలో ఉన్న లార్వా 12కు తగ్గింది. జత కాలనీలో 28 నుంచి 20కి తగ్గింది. మనది 18 తగ్గితే, మనం ఏమీ చేయని చోట 8 తగ్గింది. మన ఖాతాలో వేసుకోవాల్సింది 10 మాత్రమే.

దీనికి తలకిందులైన లక్షణం కూడా ఉంది. ప్రచారం బాగా నడిచింది, కేసులు పెరిగాయి! టెన్షన్ పడకండి. జ్వరం రాగానే పరీక్ష చేయించుకోండని మనమే చెప్పాం, చేయించుకున్నారు, బయటపడ్డాయి. కేసుల పక్కన ఎన్ని పరీక్షలు చేశారో కూడా రాస్తే విషయం తేలిపోతుంది.

లక్షణం: వీడియోకు లక్ష వ్యూస్, కాలనీలో ఎవరూ చూడలేదు

ఫేస్‌బుక్‌లో కొద్ది సెకన్లు ఆగినా వ్యూ కిందే లెక్క. చూసినవాళ్లు ఏ ఊరివాళ్లో, చివరి వరకు ఎంతమంది ఉన్నారో చూడండి. ఆ కాలనీలో ఇరవైమందిని అడగండి, పది నిమిషాల్లో తెలుస్తుంది.

లక్షణం: తెలుసు, అర్థమైంది, అయినా చేయడం లేదు

ఇక్కడ మైకు సౌండు పెంచకండి. "ఎందుకు కుదరలేదు?" అని అడిగి, జవాబును వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మా కాలనీలో కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. శుక్రవారం డ్రై డే అంటాం, అంటే పాత్రలన్నీ ఖాళీ చేసే రోజు. ఆ రోజు కుళాయి వంతు కాకపోతే ఉన్న నీళ్లు ఎవరు పారబోస్తారు? గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి అన్నదే ముఖ్యం, శుక్రవారమే కానక్కర్లేదు. అందుకని అక్కడ "కుళాయి వచ్చే ముందు తోమండి" అని మార్చాం. ఖాళీ చేస్తే చాలదు, గుడ్లు గోడకు అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి, అందుకే తోమాలి.

ఇంకో జవాబు పదేపదే వచ్చింది, "మూత లేదమ్మా" అని. ఆ డ్రమ్ములు పాతవి కొన్నవి, మూతల్లేకుండానే వచ్చాయి. ఈ కాలనీకి ఇక కరపత్రాలు వద్దు, మూతలు కావాలని రిపోర్టు మొదటి పేజీలోనే రాసిచ్చాం. ఈలోగా పాత నైలాన్ చీరను రెండు మడతలు వేసి, సైకిల్ ట్యూబు ముక్కతో డ్రమ్ము మెడకు బిగించి కట్టడం ఆ వీధి ఆడవాళ్లే మాకు చూపించారు. తర్వాతి వారం షీటులో "గుడ్డ కట్టినవి" అని ఇంకో గడి గీసుకుని వెళ్లాం.