ట్రాక్ స్కూల్‌కు పోతున్నారా? వరంగల్ బైకర్లు ముందే చూసుకోవాల్సినవి

ట్రాక్ స్కూల్ అంటే రేస్ ట్రాక్ మీద బండి నడపడం నేర్పే శిక్షణ. వరంగల్ నుంచి అయితే ఎక్కువగా శ్రీపెరంబుదూరు దగ్గరి మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూటే: 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. అక్కడిదాకా బండి నడుపుకుంటూ పోవద్దు. ట్రాక్ ఎక్కకముందే ఒళ్లు అలిసిపోతుంది, పడి హ్యాండిల్ వంగితే తిరిగొచ్చే దారుండదు. నలుగురు కలిసి డీసీఎం వ్యాను మాట్లాడుకోండి. రైల్లో పార్సిల్ వేస్తే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి, ఆర్సీ నకలు ఇవ్వాలి. బండి మీ రైల్లోనే వస్తుందని నమ్మలేం, రెండు మూడు రోజుల ముందే పంపండి.

లెగ్‌గార్డు, శారీ గార్డు, సెంటర్ స్టాండ్ విప్పేయండి. బండి వాల్చినప్పుడు లెగ్‌గార్డు నేలకు ఆనితే టైరు లేచి పట్టు పోతుంది. అద్దాలు తీసేసి లైట్లకు టేపు వేయండి. చైన్ వదులు మాన్యువల్ ప్రకారమే ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం బ్రేక్ ఆయిల్. పాతదైతే తేమ పీల్చుకుని ఉంటుంది, వరుసగా గట్టి బ్రేకులు వేసేసరికి మరిగి బుడగలు కడుతుంది, లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. రెండేళ్లు దాటినా, రంగు నల్లబడినా మార్పించి బ్రేక్ పైపుల్లో చేరిన ఎయిర్ తీయించండి. లెదర్ సూట్ అద్దెకు దొరుకుతుందేమో ముందే అడగండి. మామూలు ఇన్సూరెన్స్ రేసింగుకు, స్పీడ్ టెస్టింగుకు వర్తించదు.

ట్రాక్ మీదికి అనుభవాన్ని బట్టి గ్రూపులుగా వదులుతారు, మీ గ్రూపును బండి సీసీ చూసి ఎంచుకోవద్దు. మొదటిసారైతే కొత్తవాళ్ల గ్రూపే. పై గ్రూపులో వెనకవాళ్ల భయంతోనే రోజు గడిచిపోతుంది. దాటే బాధ్యత వెనకున్నవాళ్లది, మీరు దారిద్దామని పక్కకు జరిగితేనే గుద్దుకుంటారు. మీ లైన్, అంటే మీరు పోతున్న దారి, వదలొద్దు.

మొదటి రెండు సెషన్లు, అంటే ట్రాక్ మీద నడిపే విడతలు, వేగం మర్చిపోండి. మోకాళ్లతో ట్యాంకు బిగించి పట్టండి, అప్పుడే మోచేతులు వదులవుతాయి. బ్రేకు, గేరు పని మలుపుకు ముందే ముగించి, వాల్చాక యాక్సిలేటర్ సన్నగా తెరుస్తూ పోండి. మధ్యలో బెదిరి ఒక్కసారిగా మూసేస్తే బరువు ముందుకు పడి ముందు టైరు జారొచ్చు. చూపు ముందు చక్రం దగ్గర ఆగిపోవడమే ఈ బెదురుకు మూలం, మలుపు లోపలి అంచు చేరకముందే బయటికి పోయే దారి చూడాలి. లైన్ తప్పి ట్రాక్ పక్కనున్న గులకరాళ్లలోకి పోతే ముందు బ్రేకు ముట్టొద్దు.

పసుపు జెండా కనిపిస్తే దాటడం ఆపండి, ఎర్రదైతే చెయ్యెత్తి నెమ్మదిగా పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటికి) రండి. సెషన్ల మధ్య సూట్ విప్పి ఓఆర్‌ఎస్ తాగండి. చేతులు వణుకుతుంటే చివరి సెషన్ వదిలేయండి, అలసిన చేతికి బ్రేకు లెక్క తప్పుతుంది.

ఇంటికొచ్చాక ప్యాడ్ల మందం చూసి, అద్దాలు బిగించి, ట్రాక్ కోసం టైర్లలో గాలి మార్చి ఉంటే తిరిగి రోడ్డు లెక్కకు నింపాకే బండి బయటికి తీయండి.